వాట్సాప్ నుంచి గూగుల్ మీట్‌కి కాల్ ఎందుకు వెళ్లదు?

పోయిన నెల తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి లేచి ఇలా అడిగాడు: “మేడమ్, జియో సిమ్ నుంచి ఎయిర్‌టెల్ నంబర్‌కి కాల్ వెళ్తుంది. తాతయ్య వాళ్ల బీఎస్‌ఎన్‌ఎల్ ల్యాండ్‌లైన్‌కి కూడా వెళ్తుంది. మరి వాట్సాప్ నుంచి గూగుల్ మీట్‌కి ఎందుకు వెళ్లదు?” క్లాసులో సగం మంది నవ్వారు. నిజానికి ఆ ప్రశ్న మీద గత ముప్పై ఏళ్లుగా ప్రపంచంలోని పెద్ద పెద్ద ఇంజినీర్లు వాదించుకుంటూనే ఉన్నారు. నలభై నిమిషాల పీరియడ్‌లో చెప్పగలిగింది కొంచెమే. మీలో చాలామంది ఆన్‌లైన్ పేరెంట్ మీటింగులకు హాజరవుతారు, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న బంధువులతో వారం వారం వీడియోలో మాట్లాడతారు. కాబట్టి ఆ సమాధానం ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు చిన్న జవాబు. ఇంటర్నెట్ కాల్‌లో రెండు పనులున్నాయి. ఒకటి, ఫలానా వాళ్లు ఫలానా వాళ్లకు కాల్ చేస్తున్నారని తెలుసుకుని ఇద్దర్నీ కలపడం. రెండోది, కలిశాక గొంతును, బొమ్మను అటూ ఇటూ చేర్చడం. రెండో పనికి అందరికీ ఉమ్మడిగా పనికొచ్చే మంచి నియమాలు తయారయ్యాయి, దాదాపు అందరూ వాటినే వాడుతున్నారు. మొదటి పనికీ నియమాలు ఉన్నాయి. కానీ పెద్ద కంపెనీలు వాటిని పక్కన పెట్టి, ఎవరి గేటు వాళ్లు వేసుకున్నాయి. మీ అబ్బాయికో అమ్మాయికో ఇంత చెబితే చాలు. ఆ నియమాలు ఎలా పుట్టాయో తెలుసుకోవాలంటే మాత్రం ఇంకొంచెం చదవాలి.

బల్బు, హోల్డర్

బల్బు ఏ కంపెనీదైనా మన ఇంట్లో హోల్డర్‌లో పడుతుంది. హోల్డర్ చేసేవాళ్లు, బల్బు చేసేవాళ్లు ఒకరినొకరు చూసుకోకపోయినా పని జరుగుతుంది, ఎందుకంటే కొలతలు ముందే రాసి పెట్టి ఉన్నాయి. అలా రాసి పెట్టిన కొలతలనే స్టాండర్డ్ అంటాం. ఇంటర్నెట్ విషయంలో “ఓపెన్ స్టాండర్డ్” అన్నప్పుడు మామూలుగా మూడు సంగతులు చూస్తారు. ఆ పత్రాన్ని ఎవరైనా చదవగలగాలి. దాన్ని తయారుచేసే చర్చలో ఎవరైనా పాల్గొనగలగాలి. చదివి దాని ప్రకారం సాఫ్ట్‌వేర్ రాసుకున్నవాళ్లు ఎవరికీ రాయల్టీ కట్టే పని లేకుండా ఉంటే ఇంకా మంచిది. మొదటి రెండింటి గురించి పెద్దగా గొడవ లేదు. గొడవంతా మూడోదాని మీదే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఫోన్ల ప్రపంచానికి స్టాండర్డ్‌లు కొత్త కాదు. దేశాల మధ్య టెలిగ్రాఫ్ సందేశాలు సాఫీగా వెళ్లడం కోసం 1865లో పారిస్‌లో ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. దాన్నే ఇప్పుడు ఐటీయూ అంటున్నాం. గొంతును అంకెలుగా మార్చడానికి ఆ సంస్థ 1972లో జి.711 అనే పద్ధతిని ఖాయం చేసింది. సెకనుకు 8,000 సార్లు గొంతును కొలవాలి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాయాలి. గుణిస్తే సెకనుకు 64,000 బిట్లు. జియో నుంచి ఎయిర్‌టెల్‌కి, అక్కడి నుంచి లండన్ ల్యాండ్‌లైన్‌కి కాల్ కలుస్తుందంటే, ఇలాంటి ఒప్పందాలు వెనకాల దశాబ్దాలుగా ఉండబట్టే.

పాత ఫోన్ గొంతులో ఒక లోపం మాత్రం ఉండేది. 300 హెర్ట్జ్ నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉన్న శబ్దాన్నే అది మోసేది. ‘స’, ‘ఫ’ లాంటి శబ్దాల్లో ఒకదాన్నించి ఇంకోదాన్ని విడదీసే భాగం చాలావరకు ఆ పైనే ఉంటుంది. అందుకే ఫోన్‌లో పేరు చెప్పేటప్పుడు మన పెద్దవాళ్లు “ఎస్ ఫర్ సన్, ఎఫ్ ఫర్ ఫాదర్” అని విడమరిచి చెప్పేవారు. ఫోనిక్స్ చెప్పే టీచర్‌గా నాకు ఇది చిన్న విషయం అనిపించదు. యూకేజీ పిల్లకు ‘సిన్’, ‘ఫిన్’, ‘థిన్’ మూడూ ఒకేలా వినిపిస్తే ఆన్‌లైన్ క్లాసులో ఏం నేర్చుకుంటుంది?

గొంతు ముక్కలై వెళ్తుంది

పాత టెలిఫోన్‌లో మీరు మాట్లాడుతున్నంతసేపూ ఆ దారి మీ ఒక్కరికే. ఇంటర్నెట్‌లో అలా కాదు. గొంతును 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో ప్యాకెట్‌లో పెట్టి పంపుతారు. అంటే సెకనుకు 50 కవర్లు. అవి ఒకే దారిలో వెళ్తాయన్న గ్యారంటీ లేదు, వరుసలో చేరతాయన్న గ్యారంటీ లేదు, అసలు చేరతాయన్న గ్యారంటీ కూడా లేదు.

పోయిన కవర్‌ని మళ్లీ పంపమని అడగొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. వెబ్ పేజీకి, బ్యాంకు లావాదేవీకి అలాగే చేస్తారు. కానీ మాటకు అది కుదరదు. “ఎలా ఉన్నావు” అన్నదాంట్లో ‘లా’ పోతే, అది మళ్లీ వచ్చేసరికి మీరు తర్వాతి వాక్యంలో ఉంటారు. మాట నోటి నుంచి అవతలి చెవికి 150 మిల్లీసెకన్లలోపు చేరితే సంభాషణ సహజంగా ఉంటుందని ఐటీయూ లెక్క కట్టింది. అది దాటేకొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. అమెరికా కాల్స్‌లో “హలో, చెప్పు... కాదు నువ్వే చెప్పు” అనేది ఇదే. అందుకే కాల్స్‌లో పోయింది పోయిందనుకుని ముందుకెళ్లడమే మామూలు పద్ధతి. రిజిస్టర్డ్ పోస్టులా రసీదు కోసం ఆగరు, మామూలు పోస్టులా పంపేస్తూ ఉంటారు.

మరి చిందరవందరగా వచ్చిన కవర్లను వరుసలో పెట్టేదెలా? ఒక్కో కవర్ మీద వరుస నంబర్, సమయం వేస్తే సరి. ఈ పనికి ఆర్‌టీపీ అనే నియమాన్ని 1996లో ప్రచురించారు. రాసిన నలుగురిలో ఒకరు హెన్నింగ్ షుల్జ్‌రిన్. తర్వాత ఆయన కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్‌గా ఎస్ఐపీ అనే ఇంకో నియమం రాయడంలోనూ ఉన్నారు. అది 1999లో వచ్చింది. ఫలానా వాళ్లకు రింగ్ ఇవ్వు, ఎత్తారా, పెట్టేశారా అనే సంగతులు చూసేది ఈ ఎస్ఐపీయే. 2016 సెప్టెంబరులో జియో మొదలైనప్పుడు దానికి 2జీ, 3జీ లేవు, 4జీ ఒక్కటే. కాబట్టి మామూలు వాయిస్ కాల్ కూడా ఇంటర్నెట్ పద్ధతిలో ప్యాకెట్లుగానే వెళ్లాల్సి వచ్చింది. అలాంటి 4జీ కాల్స్‌ని కలిపేది కూడా ఎస్ఐపీయే. మనం “నార్మల్ కాల్” అనుకునేదాని లోపల కూడా ఉన్నది ఇదే.

ఎవరు రాస్తారు ఈ నియమాలు?

ఐఈటీఎఫ్ అని ఒక సంస్థ ఉంది. సంస్థ అనడం కంటే గుంపు అనడం సరిగ్గా సరిపోతుందేమో. 1986లో శాన్ డియాగోలో 21 మందితో మొదటి సమావేశం జరిగింది. దీంట్లో సభ్యత్వం లేదు. ఓటింగ్ లేదు. ఎవరైనా చేరవచ్చు, చేరినవాళ్లు కంపెనీ తరఫున కాకుండా వ్యక్తిగా మాట్లాడాలన్నది నియమం. (విమానం టికెట్ మాత్రం చాలామందికి కంపెనీయే కొంటుంది. ఆ ప్రభావం ఉండదని అనుకోవడం అమాయకత్వం.) వీళ్లు ప్రచురించే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలు అంటారు. అవి పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చదవవచ్చు.

ఓటింగ్ లేకుండా నిర్ణయం ఎలా తీసుకుంటారని పిల్లలు కూడా అడిగారు. సమావేశంలో అధ్యక్షుడు “ఈ ప్రతిపాదన సరే అనుకునేవాళ్లు హమ్ చేయండి” అంటారు. గదిలో ఉన్నవాళ్లు నోరు మూసుకుని “మ్‌మ్‌మ్” అంటారు. తర్వాత వద్దనుకునేవాళ్లు “మ్‌మ్‌మ్” అంటారు. మా తొమ్మిదో తరగతికి ఇది ఎంత నచ్చిందంటే ఆ రోజంతా హోమ్‌వర్క్ వద్దని హమ్ చేస్తూనే ఉన్నారు. ఆట కోసం పెట్టిన పద్ధతి కాదిది. హమ్ చేస్తే తలలు లెక్కపెట్టడం కుదరదు. ఎంత మంది అన్నది కాక, గది మొత్తం ఎటు మొగ్గుతోందో తెలుస్తుంది. వ్యతిరేకించినవాళ్ల అభ్యంతరానికి జవాబు చెప్పారా లేదా అన్నది ముఖ్యం. అందరూ నూటికి నూరుపాళ్లు ఒప్పుకోనక్కర్లేదు. కానీ సాంకేతికంగా బలమైన అభ్యంతరం ఒక్కరిదైనా దాన్ని పట్టించుకోకుండా దాటిపోకూడదు. కాగితం మీద రాసింది చాలదు, దాని ప్రకారం నడిచే ప్రోగ్రామ్ చూపించాలన్నది కూడా వాళ్ల పాత సంప్రదాయం.

రెండు సగాలు కలిపిన కోడెక్

నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే చక్కగా జరిగిన పని ఓపస్. పేరు తెలియకపోయినా అది మీ ఫోన్‌లో ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి వాట్సాప్ వాయిస్ నోట్స్ ఫోల్డర్ చూడండి. ఒక్కో ఫైల్ పేరు చివర చుక్క తర్వాత ఇంగ్లిష్‌లో ‘ఓపస్’ అని ఉంటుంది.

గొంతును చిన్నగా కుదించి పంపి, అవతల మళ్లీ విప్పే పద్ధతిని కోడెక్ అంటారు. 2000ల్లో మంచి కోడెక్‌లకు కొదవ లేదు. కానీ వాటిలో చాలావాటికి పేటెంట్లు ఉన్నాయి, వాడుకుంటే రాయల్టీ కట్టాలి. పెద్ద కంపెనీకి అదో ఖర్చు లెక్క. ఉచితంగా సాఫ్ట్‌వేర్ ఇచ్చేవాళ్లకు, కాలేజీలో ప్రాజెక్ట్ చేసే విద్యార్థికి అది మూసిన తలుపు. ఇంకో సమస్య కూడా ఉండేది. మాటకు బాగా పనిచేసేవి సంగీతాన్ని పాడుచేసేవి. సంగీతానికి బాగుండేవాటిలో చాలావరకు ఆలస్యం ఎక్కువ, సంభాషణకు పనికిరావు.

2010లో ఐఈటీఎఫ్ ఒక కోడెక్ బృందాన్ని ఏర్పాటు చేసింది. “ఇప్పటికే ఇన్ని ఉన్నాయి, ఇంకోటి ఎందుకు? అది మీ పని కాదు” అన్న వాదనలు ముందే గట్టిగా వచ్చాయి. అయినా ముందుకెళ్లారు. స్కైప్ దగ్గర సిల్క్ అనే కోడెక్ ఉంది, మాటకు బాగుంటుంది. జిఫ్ అనే స్వచ్ఛంద సంస్థ దగ్గర కెల్ట్ అనేది ఉంది, సంగీతానికి బాగుంటుంది, ఆలస్యం బహు తక్కువ. రెండూ పోటీకి దిగి ఒకటి గెలిచి ఒకటి ఓడాల్సింది. అలా కాకుండా రెండింటినీ కలిపేశారు. 8,000 హెర్ట్జ్ కింది భాగం సిల్క్ చూసుకుంటుంది, పై భాగం కెల్ట్ చూసుకుంటుంది. అవసరాన్ని బట్టి ఒక్కోసారి సిల్క్ ఒక్కటే, ఒక్కోసారి కెల్ట్ ఒక్కటే పనిచేస్తుంది. మారడం మీకు వినిపించదు. జాన్ మార్క్ వాలిన్, కూన్ వోస్, తిమోతీ టెరిబెర్రీ రాసిన ఆ పత్రం 2012 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 6716గా వచ్చింది. స్కైప్, జిఫ్, బ్రాడ్‌కామ్ సంస్థలు అందులోని తమ పేటెంట్లను రాయల్టీ లేకుండా ఇచ్చాయి.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మూడు వందల పైచిలుకు పేజీల ఆ పత్రంలో ప్రోగ్రామ్ కూడా భాగమే. వాక్యంలో రాసినదానికీ ప్రోగ్రామ్ చేసేదానికీ తేడా వస్తే ప్రోగ్రామే ప్రమాణం. మాటలను రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు, నడిచే ప్రోగ్రామ్ ఇచ్చే ఫలితం మాత్రం ఒక్కటే.

ఓపస్ సెకనుకు 6,000 బిట్ల దగ్గర కూడా మాట అర్థమయ్యేలా పనిచేస్తుంది, 5,10,000 బిట్ల దాకా పెరిగి కచేరీ నాణ్యత ఇవ్వగలదు. సిగ్నల్ తగ్గితే కాల్ తెగకుండా గొంతు కొంచెం సన్నబడుతుంది, అంతే. కావాలంటే ఒక్కో కవర్‌లో దాని ముందు కవర్‌లోని మాటకు చిన్న నకలు కూడా పెట్టి పంపగలదు. ఒకటి దారిలో పోయినా తర్వాతిదాంట్లోంచి అతుకు వేస్తుంది.

డేటా లెక్క చూద్దాం, పిల్లలతో చేయించడానికి బాగుంటుంది. మాటకు సెకనుకు 24,000 బిట్లు చాలు అనుకుందాం. 50 కవర్లకు పంచితే ఒక్కోదాంట్లో 480 బిట్లు, అంటే 60 బైట్లు. కవర్ మీద చిరునామా, వరుస నంబర్ వగైరా ఇంకో 40 బైట్లు. ఉత్తరం బరువు 60 అయితే కవర్ బరువు 40 అన్నమాట! మొత్తం 100 బైట్లు, సెకనుకు 5,000, గంటకు ఒక వైపు 18 ఎంబీ. అదే వీడియో సెకనుకు 10 లక్షల బిట్లు తీసుకుంటే గంటకు 450 ఎంబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో మూడు గంటలు దాటగానే అయిపోతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒకే ఫోన్ హాట్‌స్పాట్ నుంచి క్లాసులు నడిచిన ఇళ్లలో ఈ రెండు అంకెల తేడా బాగా తెలుసు. సిగ్నల్ లేనప్పుడు “వీడియో ఆఫ్ చేసుకోండి” అని మేం చెప్పేది ఇందుకే. పాఠం నడవడానికి ముఖ్యం గొంతు.

వీడియో దగ్గర వచ్చిన తగాదా

గొంతు విషయం అంత సవ్యంగా తేలింది కదా, బొమ్మ దగ్గర అలా తేలలేదు.

2010లో గూగుల్ రెండు కంపెనీలను కొంది. వీడియో కోడెక్‌లు చేసే ఆన్2 ఒకటి, ఇంటర్నెట్ కాల్స్‌కు సాఫ్ట్‌వేర్ చేసే గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్ ఒకటి. ఆన్2 దగ్గరి వీపీ8 కోడెక్‌ను అదే ఏడాది ఉచితంగా విడుదల చేసింది. మరుసటి ఏడాది కాల్స్ సాఫ్ట్‌వేర్‌ను కూడా వెబ్‌ఆర్‌టీసీ పేరుతో బయటపెట్టింది. ప్రత్యేకంగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే కాల్ నడవాలన్నది ఆలోచన. ఐఈటీఎఫ్, వెబ్ పేజీల నియమాలు చూసే డబ్ల్యూత్రీసీ కలిసి దాన్ని స్టాండర్డ్‌గా మలచడం మొదలుపెట్టాయి. ఆడియోకు ఓపస్, దాంతోపాటు పాత ఫోన్ల కోసం మన జి.711. దాని మీద పెద్దగా పేచీ లేదు.

వీడియోకు ఏది తప్పనిసరి చేయాలి? ఒక వర్గం హెచ్.264 అంది. 2003లో వచ్చింది, అప్పటికే ఫోన్లలో, కెమెరాల్లో, టీవీల్లో చిప్‌గా కూర్చుని ఉంది, బ్యాటరీ తక్కువ తింటుంది. కానీ దాని మీద చాలా పేటెంట్లు ఉన్నాయి, రాయల్టీ కట్టాలి. ఇంకో వర్గం వీపీ8 అంది. రాయల్టీ లేదు. కానీ “లేదని గూగుల్ అంటోంది, రేపు ఇంకెవరైనా వచ్చి మా పేటెంట్ అంటే?” అని ఎదుటివాళ్ల ప్రశ్న. అది ఊరికే అన్నది కాదు. 2013లో నోకియా వీపీ8 మీద తమకు పేటెంట్లున్నాయని, లైసెన్స్ ఇవ్వదలచుకోలేదని ఐఈటీఎఫ్‌కు తెలియజేసింది.

2013 అక్టోబరు 30న సిస్కో ఒక ఎత్తు వేసింది. హెచ్.264 ప్రోగ్రామ్‌ను తయారుచేసి, ఇంటర్నెట్‌లో తానే ఉచితంగా ఇస్తానంది. తన దగ్గర్నించి దించుకున్నవాళ్ల తరఫున రాయల్టీ తానే కడతానంది. ఫైర్‌ఫాక్స్ ఇప్పటికీ ఆ ముక్కను సిస్కో దగ్గర్నించే దించుకుంటుంది. ఇంత చేసినా, వారం తర్వాత వాంకోవర్‌లో జరిగిన సమావేశంలో ఏ వైపుకూ చాలినంత మద్దతు తేలలేదు. మొండితనం అనిపించవచ్చు. నాకలా అనిపించదు. ఉచితంగా కోడ్ రాసుకునేవాడి మీద రేపు రాయల్టీ పడుతుందా అన్న ప్రశ్న, ఫోన్ వేడెక్కి బ్యాటరీ అయిపోతుందా అన్న ప్రశ్న, రెండూ నిజమైనవే. ఏ ఒక్కదాన్ని తోసిపుచ్చినా ఎవరో ఒకరు నష్టపోతారు.

ఇంకో ఏడాది పట్టింది. 2014 నవంబరులో హొనొలులులో మొజిల్లాకు చెందిన ఆడమ్ రోచ్ తెచ్చిన మధ్యేమార్గం నిలబడింది. బ్రౌజర్లు రెండింటినీ తెలుసుకుని ఉండాలి. అప్పుడు అవతలివాళ్లకు ఏ ఒక్కటి వచ్చినా కాల్ కలుస్తుంది. ఇద్దరికీ పూర్తిగా నచ్చలేదు, ఇద్దరూ బతకగలిగారు. అది 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7742గా అచ్చయింది.

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సమస్య

ఇంకో చిక్కు ఉంది, దాన్ని గబగబా చెబుతాను. మీ ఇంట్లో వైఫై రూటర్‌కు బయటి ప్రపంచంలో ఒకే చిరునామా. లోపల ఫోన్లు, ల్యాప్‌టాప్‌లకు లోపలి నంబర్లు. అపార్ట్‌మెంట్‌కు ఒకే డోర్ నంబర్ ఉండి లోపల ఫ్లాట్ నంబర్లు ఉన్నట్టు. లోపలివాళ్లు బయటికెళ్లి వస్తే వాచ్‌మన్ గుర్తుపడతాడు. తెలియనివాళ్లు బయటి నుంచి నేరుగా వస్తే గేటు దగ్గరే ఆపేస్తాడు. ఇద్దరూ ఇలాంటి గేట్ల వెనకే ఉంటే కాల్ ఎలా కలుస్తుంది? ముందు ఇద్దరూ బయట ఉన్న ఒక సర్వర్‌ను “మా అపార్ట్‌మెంట్ చిరునామా బయటికి ఎలా కనిపిస్తోంది?” అని అడిగి తెలుసుకుంటారు. ఆ చిరునామాలు మార్చుకుని, ఇద్దరూ ఒకేసారి బయటికి కవర్లు పంపుతారు. మనవాళ్లు పంపిన చోటి నుంచే జవాబు వస్తోంది కదా అని వాచ్‌మన్ లోపలికి వదులుతాడు. అదీ కుదరకపోతే మధ్యలో ఒక సర్వర్ పెట్టుకుని దాని ద్వారా పంపుకుంటారు. ఈ ప్రయత్నాలన్నీ వరుసగా చేసి చూసే నియమం పేరు ఐస్. మీరు ‘జాయిన్’ నొక్కాక ఒకటి రెండు సెకన్లు చక్రం తిరిగేది చాలాసార్లు దీనికోసమే.

పిల్లల భద్రత గురించి అడిగే పేరెంట్స్ తెలుసుకోవలసిన సంగతి ఒకటి. బ్రౌజర్ కాల్స్‌లో ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి, వద్దనుకునే వీలే స్టాండర్డ్‌లో లేదు. మీరు అనుమతి ఇవ్వకుండా ఏ వెబ్‌సైట్‌కూ మైకు, కెమెరా అందవు. అయితే ఒక మాట. ఈ తాళం దారిలో వెళ్లే ప్యాకెట్లకు. పదిమంది కలిసే మీటింగ్‌లో మధ్యలో కంపెనీ సర్వర్ ఉంటుంది, మామూలుగా అక్కడ తాళం తీసి మళ్లీ వేస్తారు. అక్కడ కూడా ఎవరూ చూడకుండా ఉండాలంటే ఆ యాప్ వేరే ఏర్పాటు చేయాలి. అనుమతి అడిగిన పెట్టె రాగానే చదవకుండా ‘అలౌ’ నొక్కే అలవాటు పిల్లలకు చిన్నప్పటి నుంచే మాన్పించాలి. పెద్దలకు కూడా.

ఇవన్నీ కలిసిన వెబ్‌ఆర్‌టీసీ అధికారికంగా పూర్తి స్టాండర్డ్ అయింది 2021 జనవరి 26న. అంటే పదేళ్లు పట్టింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి స్కూళ్లన్నీ ఒక్కసారిగా ఆన్‌లైన్‌కు మారిన రోజుల్లో గూగుల్ మీట్ లాంటివి నడిచింది అధికారిక ముద్ర ఇంకా పడని ఈ నియమాల మీదే. ముద్ర ఆలస్యమైనా కోడ్ అప్పటికే అన్ని పెద్ద బ్రౌజర్లలోనూ నడుస్తోంది.

ఇక ఆ అబ్బాయి ప్రశ్న

గొంతుకు, బొమ్మకు, తాళానికి, వాచ్‌మన్‌కు నియమాలు రాసినవాళ్లు ఒక పని మాత్రం కావాలనే వదిలేశారు. ఎవరు ఎవరికి రింగ్ ఇవ్వాలి, ఎవరి పేరు ఎక్కడ వెతకాలి అన్నది ఏ వెబ్‌సైట్ ఇష్టం దానిది అన్నారు. దానికి కారణం ఉంది. ఆన్‌లైన్ క్లాసుకు ఫోన్ నంబర్ అవసరం లేదు, ఒక లింక్ చాలు. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు ఇంకో పద్ధతి కావాలి. అన్నిటికీ ఒకే పద్ధతి రుద్దితే కొత్త ఆలోచనలు ఆగిపోతాయనుకున్నారు. ఎస్ఐపీ ఎలాగూ ఉంది, కావాలన్నవాళ్లు వాడుకుంటారనుకున్నారు.

వాడుకోలేదు. 2005లో వచ్చిన గూగుల్ టాక్ ఎక్స్‌ఎంపీపీ అనే ఓపెన్ స్టాండర్డ్ మీద నడిచింది. వేరే సంస్థల సర్వర్లలో ఉన్నవాళ్లతో కూడా దాన్నించి మాట్లాడే వీలుండేది. 2013లో హ్యాంగౌట్స్ తెచ్చినప్పుడు ఆ తలుపు మూసేశారు. 2010లో ఫేస్‌టైమ్‌ను పరిచయం చేస్తూ స్టీవ్ జాబ్స్ దాన్ని ఓపెన్ స్టాండర్డ్‌గా ఇస్తామని వేదిక మీదే ప్రకటించారు. అది జరగనే లేదు. స్కైప్ 2003లో మొదలైనప్పటి నుంచీ సొంత రహస్య పద్ధతిలోనే నడిచింది. 2025 మే నెలలో మైక్రోసాఫ్ట్ దాన్ని మూసేసింది. ఇరవై ఏళ్లుగా స్కైప్ పేరుతోనే బంధువులకు దొరికినవాళ్లు కొత్త యాప్‌కు మారి, అందరికీ మళ్లీ చెప్పుకోవలసి వచ్చింది. స్కైప్ ఇచ్చిన సిల్క్ మాత్రం ఓపస్ లోపల ఇప్పటికీ కోట్ల ఫోన్లలో పనిచేస్తోంది. కంపెనీ చేతిలో ఉంచుకున్నది పోయింది, పదిమందికి ఇచ్చింది మిగిలింది.

కంపెనీ వైపు నుంచి చూస్తే ఇది అర్థం కాని విషయమేమీ కాదు. మీ అత్తగారు, మామయ్య, అపార్ట్‌మెంట్ గ్రూపు, స్కూల్ గ్రూపు అన్నీ ఒకే యాప్‌లో ఉంటే మీరు ఇంకో యాప్‌కు వెళ్లరు. గేటు తెరిస్తే ఆ పట్టు పోతుంది. టెలిఫోన్ కంపెనీలకు కూడా అలాంటి పట్టు ఇష్టమే, కానీ ఒక నెట్‌వర్క్ కాల్స్‌ని ఇంకో నెట్‌వర్క్‌కు కలపాలని ప్రభుత్వ నిబంధనలు ఉన్నాయి. యాప్‌ల మీద అలాంటి నిబంధన లేదు.

యూరప్‌లో ఇప్పుడు మొదలైంది. డిజిటల్ మార్కెట్స్ చట్టం కింద 2023 సెప్టెంబరులో వాట్సాప్‌ను, మెసెంజర్‌ను గుర్తించి, అడిగిన వేరే యాప్‌లతో కలిసి పనిచేయాలని షరతు పెట్టారు. ముందు మెసేజ్‌లు, తర్వాత గ్రూపులు. వాయిస్, వీడియో కాల్స్‌కు నాలుగేళ్ల గడువు, అంటే 2027. ఆ చట్టం వర్తించేది యూరోపియన్ యూనియన్ దేశాల్లోనే. జర్మనీలో చదువుకుంటున్న మీ అన్నయ్యగారి అబ్బాయికి ఈ వీలు రావచ్చు. మనకు ఇక్కడ ప్రస్తుతానికి అలాంటి చట్టం లేదు.

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలున్న ఇళ్లలో ఇవన్నీ కళ్లారా చూసే వీలుంది. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి ఒక ట్యాబ్‌లో గూగుల్ మీట్ కాల్ పెట్టుకోండి. ఇంకో ట్యాబ్‌లో అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్‌లో క్రోమ్ అని కొట్టి, ఒక కోలన్, రెండు స్లాష్‌లు పెట్టి, వెబ్‌ఆర్‌టీసీ, హైఫన్, ఇంటర్నల్స్ అని కొట్టండి. గ్రాఫులు, అంకెలతో పెద్ద పేజీ వస్తుంది. అందులో ఓపస్ అన్న పేరు, వచ్చిన ప్యాకెట్లు, పోయిన ప్యాకెట్ల లెక్క కనిపిస్తాయి. కాల్ నడుస్తుండగా ల్యాప్‌టాప్ పట్టుకుని రూటర్ ఉన్న గది నుంచి బాల్కనీలోకి నడవమనండి. పోయిన ప్యాకెట్ల అంకె ఎక్కడ పెరగడం మొదలైందో, అప్పుడు గొంతు వినిపిస్తూనే ఉందో లేదో రాసుకుని తెస్తే క్లాసులో మాట్లాడుకుందాం.